శాకాహారి పిల్లి మీది మిన్నల్లులు

పటాన్‌చెరులో నేను కిరాయికున్న ఇంటి పిల్లి శాకాహారి. ఈ మాట నాది కాదు, ఆ ఇంటి యజమానురాలిది. ఆవిడను బజారంతా షావుకారమ్మ అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేదాన్ని. వీధివైపు కొడుకు నడిపే ధాన్యం కొట్టు, దాని వెనక వాళ్ల ఇల్లు, ఇంటి వెనక వాకిలి, వాకిట్లో బావి. బావికి అటొక గది, ఇటొక గది. అటు గదిలో నేను, ఇటు గదిలో ఒక ఫిట్టరు. బావిగట్టు మీద, ఎండ ఎటు జరిగితే అటు జరుగుతూ, తెల్లగా బలిసిన ఆ పిల్లి.

డెబ్బైల మొదట్లో సంగతి. రోడ్డు వెంబడి ఒకటొకటిగా ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. ఎక్కడెక్కడి నుంచో మనుషులు రేకు పెట్టెలు పట్టుకుని దిగుతున్నారు. గొడ్లకొట్టానికి తలుపు బిగించి కిరాయికిచ్చినవాళ్లను నా కళ్లతో చూశాను. అలాంటి రోజుల్లో పెళ్లికాని ఆడదానికి, అందులోనూ చర్చికి పోయే టీచరుకు, వైశ్యుల ఇంట్లో గది దొరికిందంటే అది నా గొప్ప కాదు. షావుకారమ్మ మనవరాలికి లెక్కలు రావు, నాకు వచ్చు. అంతే.

గది తాళం ఇచ్చేముందు ఆవిడ నన్ను వాకిట్లో నిలబెట్టి షరతులు చెప్పింది.

"నీ దేవున్ని నువ్వు మొక్కుకో, నాకేం ఫరక్ లేదు. గానీ ఇంట్ల కోడిగుడ్డు ఉడకొద్దు. మాంసం రావొద్దు. శాప వాసన గూడ రావొద్దు. వచ్చిందా, గా దినమే ఖాళీ చేయాలె."

"సరే షావుకారమ్మా," అన్నాను. ఆ రోజు ఆకులూ అలములూ తిని బతకమన్నా సరే అనేదాన్నే.

నాలుగు వారాలు మాట మీద నిలబడ్డాను. ఐదో ఆదివారం చర్చి నుంచి వస్తుంటే అంగట్లో ఎండుచేపలు కనిపించాయి. మనిషి శోధనలో ఎలా పడతాడో పాదిరిగారు ఆ పొద్దున్నే గంటసేపు చెప్పారు. ఆయన చెప్పినట్టే పడ్డాను.

ఆదివారం మధ్యాహ్నం షావుకారమ్మ గుడికి భజనకు పోయేది. ఆవిడ అటు పోగానే నేను ఇటు తలుపు గడియ పెట్టి, కిటికీకి చీర కట్టి, నాలుగు ఊదుబత్తులు వెలిగించి, చేపలు పెనం మీద వేసేదాన్ని. ఊదుబత్తి, ఎండుచేప కలిస్తే వచ్చే వాసనకు ఏ భాషలోనూ పేరు లేదు. భజన నుంచి తిరిగొచ్చిన షావుకారమ్మ వాకిట్లో నిలబడి ముక్కు ఎగబీల్చి, ఇరుగుపొరుగులకు వినపడేలా మెచ్చుకునేది. "మా టీచరమ్మ దేవుడు వేరుగానీ భక్తి మాత్రం శానా గొప్పది. ఐతారం వస్తె ఇల్లంత ధూపమే."

ఈ భక్తికి ఒక్క సాక్షి ఉంది. మొదటి ఆదివారమే తలుపు కింది సందులోంచి ఒక తెల్లటి పంజా లోపలికి వచ్చింది. అరిచి గోల చేస్తుందేమోనని తలకాయలన్నీ దానికి పడేశాను. చేప తలకాయ ఎలాగూ నేను తినను, మా ఇంట్లో ఎవరూ తినరు. రెండో ఆదివారం అది తలుపు తట్టలేదు, ముందే వచ్చి మంచం కింద కూర్చుంది. మూడో నెలకల్లా కొట్లో ఖాళీ గోనెసంచుల మీద పడుకోవడం మానేసి నా పక్కలో పడుకోవడం మొదలుపెట్టింది. లంచం తిన్న సాక్షి ఇంత ఒద్దికగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

షావుకారమ్మ మాత్రం దానికి పూటపూటకూ పెరుగన్నం కలిపి పెట్టేది. అది రెండు మెతుకులు వాసన చూసి పక్కకు జరిగేది. ఎలుకల్ని కూడా పట్టడం తగ్గించింది. ఒకరోజు కొట్లో ఎలుక దాని ముందునుంచే నడిచిపోతే ఆవులించి ఊరుకుందట. కొడుకు వచ్చి ఫిర్యాదు చేస్తే షావుకారమ్మ పిల్లి తల నిమిరింది.

"దీనికి వైరాగ్యం వచ్చిందిరా. పోయిన జన్మల ఎవరో పెద్ద మనిషై ఉంటది."

వైరాగ్యం వచ్చిన పిల్లి గోక్కోవడం మొదలుపెట్టింది వర్షాలు పడ్డాక. మా నాయన మెదక్ వైపు పశువుల దవాఖానాలో కంపౌండరు. చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా గొడ్ల రోగాల గురించే మాట్లాడుకునేవాళ్లం. అందుకే పిల్లి వెనక కాలెత్తి చెవి వెనక టకటకా గోక్కుంటుంటే నా చెవిలో మా నాయన గొంతే వినపడింది. "ఒక్కసారి గోక్కుంటె దురద. తింటా తింటా ఆపి గోక్కుంటె పురుగు." పిల్లి చేప తలకాయ మధ్యలో వదిలేసి మెడ గోక్కుంది. అంతకన్నా రుజువేం కావాలి?

అయినా చూశాను. తోక మొదట్లో, నడుము మీద, వెంట్రుకలు పలచబడి గులాబీరంగు చర్మం కనపడుతోంది. ఉండుండి ఎవరో గుచ్చినట్టు గిరుక్కున తిరిగి వీపు కొరుక్కుంటోంది. వెంట్రుకలు ఎదురుగా దువ్వి చూస్తే కుదుళ్లలో మిరియం దంచి చల్లినట్టు నల్లటి నలుసులు. మా నాయన మూడు పురుగుల్ని మాకు ఎక్కాల్లాగా నేర్పాడు. పేను పాకుతుంది, గోమారి అంటుకుంటుంది, మిన్నల్లి ఎగురుతుంది. మిన్నల్లి దొరకదు, దాని మలమే దొరుకుతుంది. దొరికింది మట్టా, మలమా అన్నది తేలాలంటే తడిపి చూడాలి.

ఆ నలుసుల్ని పిల్లల కాపీ పుస్తకంలోంచి చింపిన తెల్ల కాగితం మీదికి దువ్వి, నాలుగు నీటిచుక్కలు వేశాను. మట్టయితే నల్లగానే ఉండేది. చుట్టూ ఎర్రగా తుప్పురంగు మరక పాకింది. మిన్నల్లి తాగి వదిలిన రక్తం అది. కొంత పిల్లిదై ఉంటుంది. నా చీలమండల చుట్టూ వారం నుంచి ఉన్న దద్దుర్లు చూస్తే మిగతాది ఎవరిదో అడగనక్కర్లేదు.

అప్పుడే పోయి చెప్పాల్సింది. కానీ ఏమని చెప్పను? మీ పిల్లి మీద మిన్నల్లులున్నాయంటే, నీకెట్ల ఎరుక అంటుంది. నా పక్కలో పడుకుంటుందంటే, నా పిల్లి నీ పక్కల ఎందుకు పంటది అంటుంది. ఆ ప్రశ్నకు జవాబు పెనం మీద ఉంది. కాగితం ఉండచుట్టి పొయ్యిలో వేసి నోరు మూసుకున్నాను. నాకు ఆ గది పోతే పటాన్‌చెరులో ఇంకో గది లేదు, గది పోతే ఉద్యోగమూ లేదు.

తర్వాతి వారం షావుకారమ్మ కాళ్లు గోక్కుంటూ బయటికి వచ్చింది. ఆ తర్వాత కోడలు, మనవరాలు. "నల్లులు," అని తేల్చేసింది షావుకారమ్మ. నల్లి పడుకున్నప్పుడు కుడుతుంది, మంచం మీద కుడుతుంది, వీపూ భుజాలూ వదలదు. వీళ్లను కుడుతున్నది పట్టపగలు, నిలబడి ఉండగా, మోకాళ్ల కింద. ఇంత తేడా నాకు తెలుసు. తెలిసీ బియ్యం ఏరుకుంటూ కూర్చున్నాను.

నల్లులు సరే, ఎక్కడినుంచి వచ్చాయన్నది తేలాలి. ధాన్యం కొట్టువాళ్లకు పురుగు కొత్త కాదు. కొట్లో పురుగు కనపడితే పాత బస్తాల జోలికి పోరు. అన్నిటికన్నా ఆఖరున లోపలికి వచ్చిన బస్తా ఏదో చూసి, దాన్ని ఈడ్చి బయట పడేస్తారు. తరాలుగా అదే పద్ధతి, కొట్లో అది బాగానే పనిచేసేది. షావుకారమ్మ అదే పద్ధతి ఇంటికీ పెట్టింది. ఇంట్లోకి ఆఖరున వచ్చింది ఫిట్టరు. ఏడు నెలల కింద, నెత్తి మీద నులకమంచం పెట్టుకుని వచ్చాడు.

ఆయనది ఒరిస్సా. ముప్పై ఏళ్లుండవచ్చు. ఫ్యాక్టరీలో నేర్చిన హిందీ, బజారులో నేర్చిన తెలుగు కలిపి మాట్లాడేవాడు. నన్ను దీదీ అనేవాడు, ఆవిడను మౌసీ అనేవాడు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడు, బావిలో నీళ్లు తోడుకుంటే మా బిందెలు కూడా నింపేవాడు. ఇంతకుమించి ఆయన గురించి తెలుసుకోవాలని నాకెప్పుడూ తోచలేదు.

ఆయన పనికి పోయిన తర్వాత షావుకారమ్మ ఆ మంచాన్ని వాకిట్లోకి లాగించి, గంగాళం నిండా సలసల కాగిన నీళ్లు పోయించింది. సాయంత్రం ఆయన వచ్చేసరికి నులకంతా సాగి మంచం ఊయలైపోయింది. ఆయన దాని చుట్టూ తిరిగి, మంచంకోళ్ల సందులు వేలితో గీకి చూశాడు.

"మౌసీ, దీంట్ల ఖట్మల్ లేవు. చూడు."

"ఉడుకునీళ్లకు సచ్చినయ్. ఇంకేం కనవడ్తయ్?" అంది షావుకారమ్మ.

ఆవిడ నావైపు తిరిగింది.

"టీచరమ్మా, సదువుకున్నదానివి. నువ్వే చెప్పు, నల్లులే గద?"

పిల్లి అప్పుడు నా కాళ్ల మధ్య తిరుగుతూ తోక రుద్దుతోంది. కుచ్చిళ్ల కింద చీలమండ మండుతోంది. గోక్కోకుండా నిలబడటానికి నా శక్తంతా పట్టింది.

"నల్లులే అనుకుంట," అన్నాను.

షావుకారమ్మ ఆయన్ని ఆ పూటే గది ఖాళీ చేయమంది. ఫిట్టరు నన్ను చూశాడు. తర్వాత పిల్లిని చూశాడు. లోపలికి పోయి రేకుపెట్టె తెచ్చుకుని, మంచాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. గుమ్మం దాటుతూ "చల్తా హూఁ దీదీ" అన్నాడు. ఆ మాటే అనకుండా ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఫిట్టరు పోయాడు, కుట్టడం పోలేదు. నిజానికి పెరిగింది. మిన్నల్లులకు తినడానికి ఒక మనిషి తగ్గాడు కదా, ఆయన వాటా కూడా మా మీద పడింది. పది రోజులకు షావుకారమ్మ నా ట్రంకుపెట్టె వైపు అదోలా చూడటం మొదలుపెట్టింది. ఫిట్టరు తర్వాత ఆఖరు బస్తా నేనే.

నా వంతు రాకముందే పిల్లి వంతు వచ్చింది. ఒక పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే షావుకారమ్మ బావిగట్టు మీద కూర్చుని, పిల్లిని ఒడిలో అదిమిపట్టి, పక్కన రేకు డబ్బా మూత తీస్తోంది. కొట్లో బస్తాల చుట్టూ పురుగు రాకుండా చల్లే పొడి డబ్బా అది. పొడి చల్లిన రోజు గోదాములోకి పిల్లల్ని కూడా పోనిచ్చేవాళ్లు కాదు.

"పాపం టీచరమ్మా, నల్లులు దీన్ని గూడ కుడుతున్నయ్. సూడు, తోక కాడ ఎంటికలు ఊడిపోయినయ్. జెర కాళ్లు పట్టుకో, ఒళ్లంత పొడి సల్లుత."

ఆ పొడి ఒంటి మీద పడ్డ పిల్లి సాయంత్రానికి ఏమవుతుందో నాకు తెలుసు. మా నాయన దవాఖానా గుమ్మం ముందు అలాంటి పిల్లుల్ని చూశాను. నోరు విప్పితే గది పోవచ్చు, విప్పకపోతే పిల్లి పోతుంది. ఫిట్టరు విషయంలో ఇదే లెక్క నేను ఒక్క క్షణంలో తేల్చేశాను. పిల్లి విషయంలో మాత్రం ఆ లెక్క తేలలేదు. మనిషి పోతుంటే రాని జాలి పిల్లి మీద వచ్చిందేమిటని తర్వాత చాలాసార్లు నన్ను నేను తిట్టుకున్నాను.

"వద్దు షావుకారమ్మా! పిల్లి స్నానం నాలికతోనే. పొడంత నాకి మింగుతది, సస్తది."

"గొడ్ల మీద సల్లుతలేరా?"

"గొడ్డు వేరు, పిల్లి వేరు. మీ చేతుల పిల్లి సస్తె ఏం చేయాల్సి వస్తదో నాకన్న మీకే ఎరుక."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది. పిల్లిని చంపిన పాపం పోవాలంటే బంగారంతో పిల్లిబొమ్మ చేయించి కాశీలో దానమివ్వాలని వాళ్ల నమ్మకం. షావుకారమ్మ ఒడిలో ఉన్నదాన్ని తల నుంచి తోకదాకా ఒకసారి చూసుకుంది. నా చేప తలకాయల పుణ్యమా అని అది అప్పటికి రెండు పిల్లులంత ఉంది. ఆవిడ నెమ్మదిగా డబ్బా మూత పెట్టేసింది.

"నీకెట్ల ఎరుక గివన్ని?"

"మా నాయన పశువుల కంపౌండరు. షావుకారమ్మా, నల్లులు కావు. పురుగు పిల్లి మీదనే ఉన్నది."

"నా పిల్లి మీదనా?"

ఆవిడ వంశాన్ని తిట్టినా అంత కోపం వచ్చేది కాదు. తెల్లవారగానే నుదుట కుంకుమ పెట్టి పవిత్రంగా చూసుకునే పిల్లి అది. మాటలతో అయ్యే పని కాదని నాకర్థమైంది.

"మచ్చు తీసి చూడుండ్రి," అన్నాను.

ఆ ఒక్కమాటకు ఆవిడ మనిషి మారిపోయింది. మచ్చు తీసి చూడకుండా ఆవిడ జీవితంలో ఒక్క బస్తా కొనలేదు. లోపలికి పోయి తెల్ల పంచెముక్క తెచ్చి గట్టు మీద పరిచింది. పేలు దువ్వుకునే సన్నపళ్ల దువ్వెనతో నేను పిల్లి నడుము మీద దువ్వాను. నలుసులు రాలాయి. ఆవిడ వాటిని బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపింది, కళ్ల దగ్గర పెట్టుకుంది.

"ఆవాలు గాదు. గసాలు గాదు. పప్పు దుమ్ము గాదు. ఇసుక గూడ గాదు."

"నీళ్లు పొయ్యుండ్రి."

బిందెలోంచి చేత్తో నాలుగు చుక్కలు చల్లింది. తెల్లగుడ్డ మీద ఎర్రటి మరకలు ఒకటొకటిగా విచ్చుకున్నాయి. షావుకారమ్మ ఒక మరకను వేలితో రుద్ది చూసింది.

"రక్తం. ఎవరిది?"

"మీ కాళ్లది. నా కాళ్లది గూడ."

పిల్లి తోక కింద ఇంకేదో అంటుకుని ఉంటే ఆవిడే గిల్లి తీసి గుడ్డ మీద పెట్టింది. "గిదేంది, బియ్యపుగింజ. గానీ మన కొట్టుది గాదు, గింత పొట్టిగింజ మనం అమ్మం," అంటుండగానే ఆ గింజ ముడుచుకుని ముందుకు జరిగింది. ఆవిడ గుడ్డ విసిరేసి ఉన్న దేవుళ్లందర్నీ పిలిచింది. ఆ కంగారులో మా దేవుడి పేరు కూడా వచ్చింది. ఒళ్లు నాక్కుంటూ పిల్లి మిన్నల్లుల్ని మింగితే దాని పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుందనీ, అది ఇలా ముక్కలుగా బయటికి వస్తుందనీ చెప్పాను. మెత్తటి మనసున్నవాళ్లకు చెప్పాల్సిన సంగతి కాదుగానీ చెప్పేశాను.

అప్పుడే దువ్వెన పళ్ల మధ్యనుంచి గోధుమరంగు చుక్క ఒకటి లేచి ఆవిడ ముంజేతి మీద వాలి, అక్కడినుంచి మాయమైంది.

"ఎగిరింది," అంది షావుకారమ్మ.

"నల్లి ఎగరదు షావుకారమ్మా. ఎగిరేది మిన్నల్లి."

ఆవిడ చూపు వాకిట్లో మూలకున్న నులకమంచం మీదికి పోయింది. సాగిన నులకలో వాననీళ్లు నిలిచి ఉన్నాయి.

"నల్లులే అంటివి గద అప్పుడు. ఎరుకుండి గట్ల అన్నవా?"

"లేదు," అన్నాను. "అప్పుడు ఎరుక లేకుండె."

ఆవిడ నమ్మింది. నమ్మినందుకు నాకు ఆవిడ మీదే కోపం వచ్చింది.

తర్వాత మూడు వారాలు ఆ ఇంట్లో ఎవరికీ కూర్చునే తీరిక లేదు. పిల్లి పడుకున్న గోనెలన్నీ ఉడకబెట్టి ఎండేశాం. బండల సందులు చీపురుపుల్లతో గీకి గీకి ఊడ్చాం, ఊడ్చింది పొయ్యిలో పోశాం. మిన్నల్లి పిల్లి మీద ఉండేది కొంతే, దాని గుడ్లూ పిల్లలూ నేల సందుల్లోనే ఉంటాయని మా నాయన మాట. ముందు జాగ్రత్త అని చెప్పి నా పరుపు కూడా ఎండేశాను. రోజూ పొద్దున పిల్లిని దువ్వి, దువ్వెనను సబ్బునీళ్ల గిన్నెలో ముంచేదాన్ని. షావుకారమ్మ పక్కన కూర్చుని మునిగినవాటిని చూసి సంతోషపడేది. జీవహింస మీద ఆవిడ పట్టుదల ఆ మూడు వారాలు కాస్త సడలింది.

మరకలు రావడం ఆగిపోయాక ఆవిడ మనిషిని పిలిపించి ఆ మంచానికి కొత్త నులక అల్లించింది. ఆదివారం మధ్యాహ్నం భజన మానేసి, మంచాన్ని తోపుడుబండి మీద పెట్టించి నా తలుపు ముందు నిలబడింది.

"నడువు. నల్లులన్నది నువ్వే, కావన్నది నువ్వే. నువ్వే వచ్చి చెప్పు."

కర్దనూర్ వైపు రోడ్డు పక్కన రేకులు కప్పిన గదుల వరుస ఒకటి ఉండేది. ఫిట్టరు అక్కడ దిగాడని షావుకారమ్మ కొడుకు కనుక్కున్నాడు. బండి వెనక షావుకారమ్మ, ఆవిడ వెనక నేను, మంచం ఊరేగింపులా అక్కడికి చేరాం. ఫిట్టరు గడప మీద కూర్చుని బట్టలు పిండుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి చేతులు తుడుచుకుని చెంబుతో నీళ్లు తెచ్చాడు. షావుకారమ్మ ఆ నీళ్లు తాగలేదుగానీ చెంబు చేత్తో పట్టుకుంది. ఆవిడ అంతవరకు దిగిరావడం కూడా ఎక్కువే.

"నీ మంచంల నల్లులు లేవు బిడ్డా. పిల్లి మీద పురుగు. తప్పైంది," అంది.

"మాలూమ్ మౌసీ," అన్నాడు ఆయన.

"నీకెట్ల మాలూమ్?"

"పిల్లి నా మంచం మీద గూడ పండుకుంటుండె. తెల్ల బనియన్ మీద ఎగిరేటివి చూసిన."

"మరి చెప్పకపోతివి? గట్ల నోరు మూసుకొని పోతివి?"

ఆయన నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

"ఎట్ల చెప్తా మౌసీ? పిల్లి ఎక్కువ ఎక్కడ ఉంటది అని అడుగుతవ్. దీదీ రూమ్‌ల. ఎందుకుంటది అని అడుగుతవ్. ఇగ దీదీని పంపిస్తవ్. నేను మగోణ్ని, యాడనన్న పండుకుంట. దీదీకి రూము ఎవరు ఇస్తరు?"

"టీచరమ్మ రూముల ఎందుకుంటది?" అంది షావుకారమ్మ. ఆవిడకింకా అర్థం కాలేదు.

ఆయన నాలుక కరుచుకున్నాడు. ఇక దాచి లాభం లేదు.

"ఎండుచేపలు," అన్నాను. "ఐతారం ఐతారం. మీరు భజనకు పోయినప్పుడు. మిన్నల్లుల సంగతి నాకు ముందే ఎరుక షావుకారమ్మా. ఈయన పోకముందే ఎరుక."

షావుకారమ్మ నోట గదిలోంచి వెళ్లగొట్టే మాట వస్తుందని కాచుకున్నాను. వచ్చిన మాట వేరు.

"పిల్లి గూడ తిన్నదా?"

"తలకాయలే," అన్నాను, అదేదో తక్కువ తప్పయినట్టు.

"తలకాయలే!" అన్నాడు ఫిట్టరు. నవ్వుతూనే అన్నాడు, కానీ గొంతు మారింది. "దీదీ, మాది సముద్రం ఒడ్డు. మా ఇంట్ల తలకాయ అల్లునికి పెడ్తరు. ఏడు నెలలు ప్రతి ఇత్వార్ వాసన వచ్చేది. నేను ఉట్టి అన్నం పెట్టుకొని తలుపు తెరిచి కూసునేటోణ్ని, వాసనతోని తింటుంటి. తలకాయలన్ని పిల్లికి పెట్టినవ్. నన్ను ఒక్క దినం పిలువలే."

నాకు జీవితంలో చాలామంది చాలా మాటలు అన్నారు. హెడ్మాస్టర్లు అన్నారు, పెళ్లిచూపులవాళ్లు అన్నారు. ఏ మాటకూ నాకంత సిగ్గు వేయలేదు. ఆయన్ని వెళ్లగొట్టించానన్న దానికన్నా, వాకిలికి అవతల ఒక మనిషి ఒట్టి వాసనతో అన్నం తింటున్నాడని ఏడు నెలలు నాకు తెలియకపోవడం ఎక్కువ బాధపెట్టింది. పిల్లికి ఆకలేస్తే నాకు తెలిసేది.

తిరిగి వచ్చేటప్పుడు బజారు మలుపు దగ్గర షావుకారమ్మ ఒక్కమాట అంది.

"వైరాగ్యమనుకున్న."

షరతు ప్రకారం ఆ సాయంత్రమే ట్రంకుపెట్టె సర్ది గుమ్మంలో పెట్టాను. షావుకారమ్మ వచ్చి దాన్ని చూసింది.

"యాడికి?"

"ఖాళీ చేయాలె గద."

"తిన్నది నువ్వొక్కదానివేనా? నిన్ను ఎల్లగొడితే దాన్ని గూడ ఎల్లగొట్టాలె. దాన్ని ఎల్లగొడితే కొట్టుల బస్తాలు ఎవరు కాస్తరు? పెట్టె లోపట పెట్టు. ఇగ ఇంట్ల మాత్రం వండకు." రెండడుగులు వేసి ఆగింది. "గా ఫిట్టరు రూముల పొయ్యి ఉన్నదా?"

ఉంది. ఆ తర్వాతి ఆదివారం చర్చి నుంచి నేరుగా అంగడికి పోయి, ఎండువి కాదు, తలకాయ పెద్దదున్న పచ్చి మంజీర చేపను కొన్నాను. ఆ రేకుల గదుల ముందు, తలుపు బార్లా తీసి, ఊదుబత్తి లేకుండా పులుసు పెట్టాను. వరుసలోని ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడి, పెళ్లికాని టీచరమ్మ మగవాడి పొయ్యి ముందు కూర్చోవడం మీద ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. అనుకోనిచ్చాను. ఆయన కొత్త నులకమంచం మీద కూర్చుని తిన్నాడు. బాగుందనలేదు, ఉప్పు ఎక్కువైందన్నాడు. తలకాయను మాత్రం రెండు చేతులా పట్టుకుని, చిన్న ఎముక కూడా వదలకుండా చాలాసేపు తిన్నాడు. అయ్యాక తోకముక్క తీసి కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు.

"ఇది పిల్లికి. తలకాయ నాది, దీదీ. దానికి ఇగ తోక పెట్టు."

ఇంటికి వచ్చేసరికి షావుకారమ్మ భజన నుంచి ముందే వచ్చి బావిగట్టు మీద కూర్చుని ఉంది. పిల్లి ఆవిడ ఒడిలోంచి దూకి నా చేతిలోని పొట్లం కింద నిలబడి అరిచింది. నేను పొట్లం వెనక దాచుకున్నాను.

"గా పిల్లగాడు తిన్నడా?" అని అడిగింది ఆవిడ.

"తిన్నడు."

"తలకాయ?"

"తిన్నడు."

ఆవిడ లేచి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడింది.

"జల్దీ పెట్టు మరి," అంది గోడతో. "దాన్ని తిననియ్యి."